పాత కారు టక్‌టక్‌మంటే ఏం చెయ్యాలి?



షోలాపూర్ పూర్వభాగంలో ఏ గల్లీకి పోయినా ఇప్పుడు రెండు మూడు పాత కార్లు నిలబడి ఉంటాయి. ఎక్కువగా మారుతి 800, లేకుంటే ఓమ్నీ. ఒకరు వాడి అమ్మితే ఇంకొకరు కొని, వాళ్ల దగ్గర మనం కొన్నవి. టవళ్ల గఠ్ఠాలు దుకాణానికి వేసుకపోవడానికి, రాత్రిపూట దవాఖానకు పోవడానికి, పెండ్లికి కరీంనగరో సిరిసిల్లో పోవడానికి ఇవే మనకు దిక్కు.

800 మొదట రోడ్డు మీదికి వచ్చింది 1983 డిసెంబర్‌లో. కంపెనీ దాన్ని తయారు చేయడం ఆపింది 2014 జనవరిలో. ఓమ్నీ 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి 2019లో ఆగిపోయింది. అంటే మన గల్లీలో ఉన్న 800 ఏదైనా సరే పదేళ్లు దాటిందే. ఇంజను మొండిది, నూనె మారుస్తుంటే నడుస్తనే ఉంటుంది. ముందు చచ్చేది బండి కింద ఉన్న రబ్బర్లు. అవి పోతే గుంటలో పడ్డప్పుడల్లా టక్‌మంటుంది. మనం పాటల సౌండు పెంచి ఆ చప్పుడు వినకుండా పోతుంటాం.

ఆ చప్పుడు గురించే ఈ వ్యాసం. ఏ పని ఇంటి ముందర చేసుకోవచ్చు, ఏ పని చచ్చినా చెయ్యకూడదు, ఈ రెండింటి నడుమ గీత ఎక్కడుందో చెప్తాను. నేను చదివింది నాలుగో తరగతి, తెలుగు బడిలో. మిల్లులో మగ్గాల దగ్గర ఫిట్టరు పని చేసి, తర్వాత పవర్‌లూమ్ కారఖానాలో చేసి రిటైరయిన. కార్ల పని మెకానిక్కుల పక్కన కూర్చుండి చూసి, చేసి నేర్చుకున్నదే.

మగ్గంలో బఫరు, బండిలో బుష్షు

మగ్గం నడిపినోళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమయితది. నాడె ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి ఉరికి పోతుంది. అక్కడ దాని వేగాన్ని మింగేది ఏదీ లేకుంటే ఏమవుతుంది? పెట్టె గోడకు తాకి వెనక్కు ఎగురుతుంది, పోగు తెగుతుంది, మగ్గం టప్‌మని ఆగుతుంది. అందుకని పెట్టెలో స్వెల్ పెట్టి, తోలు పట్టీ పెట్టి, బఫరు పెట్టి నాడె వేగాన్ని మెత్తగా ఆపుతాం. ఆ తోలు, ఆ రబ్బరు అరిగితే ముందు చప్పుడు మారుతుంది, తర్వాత బట్ట చెడుతుంది. తోలు మార్చకుండా మగ్గం మార్చినోడు ఎవడైనా ఉన్నాడా?

బండిలో కూడా అదే పని. చక్రానికీ బాడీకీ నడుమ మూడు రకాల సామాను ఉంటుంది. బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఊగకుండా ఆపేది షాకబ్జరు. చక్రం తన జాగా వదిలి పోకుండా పట్టి ఉంచేవి ఇనుప చేతులు, కడ్డీలు. ఆ చేతులు బాడీకి తగిలే ప్రతి చోటా ఒక రబ్బరు బుష్షు ఉంటుంది. ఇనుముకు ఇనుము తాకకుండా, కొద్దిగా మెలిక పడి మళ్లీ తన జాగాకు రావడం దాని పని. మన షోలాపూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకు, ఇంజను నూనెకు, ఏండ్లకు రబ్బరు గట్టిపడి పగులుతుంది, లేకుంటే జిగురులా మెత్తబడుతుంది. అప్పుడు ఇనుము ఇనుముకు తాకుతుంది. అదే టక్‌టక్.

కింద ఏమేం ఉంటాయి

800 ముందు చక్రం దగ్గర వంగి చూడండి. నిలువుగా ఒక గొట్టం, దాని చుట్టూ స్ప్రింగు కనపడుతుంది. దాన్ని స్ట్రట్ అంటారు, షాకబ్జరు అందులోనే ఉంటుంది. కింద అడ్డంగా ఒక ఇనుప చెయ్యి ఉంటుంది, మెకానిక్కులు లోయర్ ఆర్మ్ అంటారు. ఆర్మ్ లోపలి కొస బాడీకి బుష్షుతో, బయటి కొస చక్రం వైపు బాల్ జాయింటుతో తగిలి ఉంటుంది. బాల్ జాయింటు అంటే గిన్నెలో గుండు. మన తొంటి ఎముక ఎట్లా తిరుగుతుందో అట్లా తిరుగుతుంది.

ఇంకొకటి స్టెబిలైజర్ బారు. బండి ముందర ఈ పక్క నుంచి ఆ పక్కకు వంగిన లావు కడ్డీ. మలుపులో బండి ఒక పక్కకు ఒరగకుండా ఆపుతుంది. 800లో దీనికి రెండో పని కూడా ఉంది. దీని కొసలు రెండు పక్కల ఆర్మ్‌లలోంచి దూరి ఉంటాయి కాబట్టి, చక్రం ముందుకు వెనక్కు జరగకుండా పట్టేది కూడా ఇదే. దీని బుష్షులు పోతే బ్రేకు వేసినప్పుడు చక్రం కొద్దిగా వెనక్కు జరిగి టక్‌మంటుంది, స్టీరింగు ఒక పక్కకు గుంజుతుంది. చాలా మంది దీన్ని బ్రేకు తప్పు అనుకొని బ్రేకు ముక్కలు మారుస్తారు. డబ్బు పోతుంది, చప్పుడు పోదు.

ఓమ్నీ వెనక వేరే తీరు. అక్కడ కమాన్‌పట్టీలు ఉంటాయి, లారీకి ఉన్నట్టే, కాకుంటే చిన్నవి. పెద్ద పట్టీ రెండు కొసలు చుట్టి కన్నులాగ చేసి ఉంటాయి. ముందు కన్ను ఒక బోల్టుతో కదలకుండా ఉంటుంది. వెనక కన్ను షాకిల్ అనే రెండు చిన్న పలకల నడుమ ఊయలలాగ ఊగుతుంది, ఎందుకంటే బరువు పడితే పట్టీ సాగి పొడుగవుతుంది. కన్నులలో, షాకిల్‌లో రబ్బరు బుష్షులు ఉంటాయి. గఠ్ఠాలు మోసే ఓమ్నీలో ముందు పోయేవి ఇవే.

చప్పుడు చెప్పే మాట

మగ్గం చప్పుడు విని రోగం చెప్పినట్టే దీన్ని కూడా వినాలి.

చిన్న గుంటల మీద, రాళ్ల రోడ్డు మీద మెల్లగా పోతుంటే టకటక వస్తే స్టెబిలైజర్ బారు బుష్షులో, స్టీరింగు ఎండ్లో చూడండి.

బ్రేకు వేయంగనే ఒక్కసారి టక్, మళ్లీ బండి ఎత్తుకోంగనే ఒక్కసారి టక్ అంటే ఆర్మ్ బుష్షు, లేకుంటే బారు కొస బుష్షు.

స్పీడ్ బ్రేకరు దిగినంక బండి పడవలాగ రెండు మూడు సార్లు ఊగితే షాకబ్జరు.

నిలబడ్డ బండిలో స్టీరింగు తిప్పితే ముందు నుంచి కిర్రుమన్నా, స్ప్రింగు ఎగిరినట్టు టంగ్‌మన్నా స్ట్రట్ పైన ఉన్న మౌంటు.

ఓమ్నీ వెనక బరువుతో కిర్రుకిర్రు, ఖాళీగా పోతే గడగడ అంటే కమాన్‌పట్టీ బుష్షులు.

టైరు కూడా మాట్లాడుతుంది. ఒక అంచు మాత్రమే అరిగితే చక్రం వంకర ఉన్నట్టు. అక్కడొకటి ఇక్కడొకటి గిన్నెల్లాగ గుంటలు పడి అరిగితే షాకబ్జరు సచ్చిందని. అరిచెయ్యి టైరు మీద పెట్టి జరపండి, కంటికి కనపడనిది చేతికి తెలుస్తుంది.

చేత్తో చూసే పరీక్ష

మొదటిది, బండి ఎత్తకుండానే చెయ్యొచ్చు. ఒక మూలన బానెట్ అంచు మీద బరువంతా వేసి కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి వచ్చి నిలిస్తే షాకబ్జరు బాగుంది. ఇంకా ఊగితే పోయింది. షాకబ్జరు మీద నూనె కారి దుమ్ము పట్టి నల్లగా ఉన్నా పోయినట్టే. మార్చితే రెండు పక్కలవీ కలిపి మార్చాలి. ఒక కాలుకు కొత్త చెప్పు, ఒక కాలుకు పాత చెప్పు వేసుకొని నడిచినట్టు ఉండకూడదు.

రెండోది, ముందు చక్రం గాలిలోకి లేపి చూసేది. బండి స్టాండు మీద గట్టిగా కూర్చున్నంకనే. గడియారంలో 12, 6 ఉన్న చోట చక్రాన్ని పట్టుకొని ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊపండి. ఊగులాట ఉంటే ఇంట్లో ఎవరినైనా బ్రేకు నొక్కి పట్టమనండి. బ్రేకు నొక్కితే ఊగడం ఆగిందంటే వీల్ బేరింగు. ఆగలేదంటే బాల్ జాయింటో, పైన స్ట్రట్ మౌంటో. తర్వాత 9, 3 ఉన్న చోట పట్టుకొని ఊపండి. అక్కడ ఊగితే స్టీరింగు ఎండు.

మూడోది, పెద్ద టామీ రాడ్డు ఆర్మ్ కొసకూ చక్రం ముక్కకూ నడుమ పెట్టి మెల్లగా పైకి లేపండి. బాల్ జాయింటు మంచిదైతే కదలదు. టిక్‌మని లేచిందంటే ఆ బండిని ఊరు దాటించొద్దు. రబ్బరు టోపీ చినిగి గ్రీజు పోయి దుమ్ము పట్టి ఉంటే, ఈ రోజు కాకపోయినా రేపు పోతుంది.

పెండ్లి ప్రయాణం ఆగిన రోజు

ఇది మా గల్లీలో జరిగింది. మా వరుసకు బావ అయ్యేటాయనది పాత 800. కరీంనగర్‌లో మేనకోడలు పెండ్లి. ఆయన, మా చెల్లె, కొడుకు, కోడలు, ఇద్దరు చిన్న పిల్లలు పోవాలి. ఇక్కడి నుంచి నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా హైదరాబాద్‌కే 300 కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి కరీంనగర్ ఇంకా దూరం. పొద్దున పోవాలంటే ముందు రోజు సాయంత్రం గాలి చూడమని నన్ను పిలిచిండ్రు.

ఎడమ చక్రం టైరు లోపలి అంచు అరిగి ఉంది. బండి లేపి 12, 6 దగ్గర ఊపితే కటక్‌మంది. బ్రేకు నొక్కమన్నా ఆగలేదు. టామీ పెట్టి లేపితే కంటికి కనపడేటట్టు లేచింది.

"బావా, ఈ బండి రేపు పోవద్దు" అన్న.

"మొన్ననే గ్యారేజీల చూపిచ్చిన. ఏం లేదన్నడు. నీకు అన్నిట్లనూ అనుమానమే" అన్నడు బావ.

"అనుమానం కాదు. నువ్వే చెయ్యి పెట్టి చూడు."

ఆయన చెయ్యి పెట్టి చూసిండు. చూసి కూడా, "మెల్లగ పోతం తియ్యి. పొద్దుగల్ల ఆరుగురికి టికెట్లు యాడ దొరుకుతయి? పెండ్లికొడుకోళ్ల ముందల మా చెల్లె ఏమనుకుంటది?" అన్నడు. ఆ మాట కూడా తప్పు కాదు. మేనమామ లేకుండా పెండ్లి ఎట్లా?

నేను ఆయనకు చెప్పింది ఇది. బాల్ జాయింటు మెల్లమెల్లగా అరుగుతుంది కాని, ఊడేటప్పుడు ఒక్కసారే ఊడుతుంది. గిన్నెలోంచి గుండు బయటికి వచ్చిందంటే చక్రం అడుగు బయటికి పరుచుకుంటుంది, బండి మూల రోడ్డు మీద కూలుతుంది, స్టీరింగు తిప్పినా ఆ చక్రం మాట వినదు. మెల్లగా పోతే అది ఆగదు. హైవే మీద వెనక లారీ ఉంటే ఏమవుతుందో నేను చెప్పాల్సిన పని లేదు.

అప్పుడు లోపల నుంచి మా చెల్లె వచ్చింది. "అన్నా, సక్కగ ఒక్క మాట చెప్పు. నీ మనవరాలును ఇందుల కూసుండవెడ్తవా?" అని అడిగింది.

"పెట్టను" అన్న.

ఇంక ఎవరూ మాట్లాడలేదు. వాళ్లు రాత్రికి రాత్రి బస్సుకు పోయిండ్రు, పెండ్లికి అందుకున్నరు. వాళ్లు తిరిగి వచ్చినంక ఆర్మ్ విప్పినం. బాల్ జాయింటు కడ్డీని రెండు వేళ్లతో పట్టి ఊపితే గంటలో నాలుక లాగ ఊగింది. కొత్త ఆర్మ్ బాల్ జాయింటుతో సహా తెచ్చి వేయించినం. ఖర్చు అయ్యింది, కాని ఆరుగురి బస్సు టికెట్ల కన్నా మరీ ఎక్కువేమీ కాలేదు.

జాకీ మీద నమ్మకం పెట్టొద్దు

ఇప్పుడు పని సంగతి. పని కన్నా ముందు ప్రాణం సంగతి.

జాకీ ఉన్నది బండి ఎత్తడానికే, ఎత్తి పట్టడానికి కాదు. జాకీ ఒక్కటే ఉన్న బండి కింద తల కాదు, చెయ్యి కూడా పెట్టొద్దు. ఇనుప స్టాండ్లు కావాలి, మెకానిక్కులు ఘోడీ అంటారు. ఒక జత కొని గల్లీలో నాలుగు ఇండ్లు కలిసి వాడుకోవచ్చు. ఇటుకలు, సిమెంటు బోలు దిమ్మెలు పనికిరావు. అవి చెప్పకుండా ఒక్కసారే పగులుతాయి. విప్పిన చక్రాన్ని కూడా పక్కన నిలబెట్టకుండా బాడీ అంచు కింద పడుకోబెట్టండి. స్టాండు జారినా బండి దాని మీద ఆగుతుంది.

నేల గట్టిగా, సమంగా ఉండాలి. మట్టి మీదయితే స్టాండు కింద మందం చెక్క పలక వెయ్యాలి. లేపని చక్రాలకు ముందు వెనక రాళ్లో చెక్కలో అడ్డం పెట్టాలి. ఎందుకో చెప్తా. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. 800లో ఇంజను తిప్పేది ముందు చక్రాలను, ఓమ్నీలో వెనక చక్రాలను. అంటే ఓమ్నీ వెనక భాగం లేపితే హ్యాండ్ బ్రేకూ పనిచెయ్యదు, గేరులో వేసినా పనిచెయ్యదు. ముందు చక్రాలు ఉత్తగా తిరుగుతాయి. అడ్డం పెట్టకుంటే బండి స్టాండ్ల మీద నుంచి ఉరికి వస్తుంది.

స్టాండ్ల మీద దించినంక, చక్రాలు విప్పక ముందే బండిని చేత్తో గట్టిగా నెట్టి చూడండి. పడేదుంటే మనం బయట ఉన్నప్పుడే పడాలి. పిల్లలను దూరం పంపండి. ఒక్కరే పని చెయ్యొద్దు, పిలిస్తే పలికే మనిషి ఒకరు ఉండాలి.

800 ముందు బుష్షులు మార్చుకోవడం

ఇది ఇంట్లో చేసుకునే పని. ఒక రోజు ముందే నట్ల మీద ఇనుప బ్రష్షుతో మట్టి రాల్చి, తుప్పు విడగొట్టే నూనె చుక్కలు వేసి ఉంచండి. తెల్లారి పానా మాట వింటుంది. రింగు పానాలు, గోటీ పానా, టామీ, సుత్తె ఉంటే చాలు. ఫిక్సు పానాతో గట్టి నట్టు తిప్పితే మూలలు అరిగి గుండ్రం అవుతుంది, అటెంక దాన్ని కోయాల్సి వస్తుంది.

ముందు రెండు చక్రాలూ కలిపి లేపాలి. ఒక్క పక్కే లేపితే స్టెబిలైజర్ బారు మెలిక పడి బిగిసి ఉంటుంది, విప్పంగనే ఎగిరి చేతికి తాకుతుంది. రెండు పక్కలా చక్రాలు సమంగా వేలాడితే బారు వదులుగా ఉంటుంది.

విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. బారు కొసన గిన్నెలాంటి వాషరు, రబ్బరు, ఆర్మ్, మళ్లీ రబ్బరు, మళ్లీ వాషరు, నట్టు ఉంటాయి. వాషరు బోర్లా ఎటు ఉందో చూసుకోవాలి. తప్పుగా వేస్తే రబ్బరు అంచు కోసుకపోతుంది. నట్టుకు పిన్ను ఉంటే తీసి పారెయ్యండి, పాతది మళ్లీ వెయ్యొద్దు. రెండు కొసలు విప్పి, బాడీకి పట్టిన రెండు క్లాంపులు విప్పి బారును ముందుకు గుంజితే వస్తుంది.

బారును గుడ్డతో తుడిచి, బుష్షు కూర్చునే చోట ఉన్న తుప్పును గీకు కాగితంతో రుద్దండి. ఆ చోట బారు అరిగి సన్నబడి ఉంటే కొత్త బుష్షు వేసినా ఆడుతుంది, అప్పుడు బారు కూడా మార్చాలి. కొత్త బుష్షు ఎక్కకపోతే సబ్బు నీళ్లు రాయండి. నూనె, గ్రీజు రాయొద్దు. ఈ రబ్బరు నూనె తాగి ఉబ్బుతుంది, కొన్నాళ్లకే మెత్తబడి పోతుంది. మనోళ్లు చాలా మంది చప్పుడు ఆగాలని బుష్షుల మీద పాత ఇంజను నూనె పోస్తారు. నాలుగు రోజులు చప్పుడు ఆగుతుంది, తర్వాత రబ్బరే పోతుంది.

ఆర్మ్ లోపలి బుష్షు సంగతి వేరు. అది ఇనుప కన్నులో బిగుతుగా దిగి ఉంటుంది. సుత్తెతో కొడితే కొత్త బుష్షు వంకర పోతుంది, ఆర్మ్ కన్ను కూడా సాగుతుంది. ఆర్మ్ విప్పి లేతు దుకాణానికి తీసుకపోండి. ప్రెస్సు మీద పాతది తీసి కొత్తది దించిస్తారు. చిన్న కూలితో అయిపోతుంది.

ఓమ్నీ కమాన్‌పట్టీ బుష్షులు

వెనక భాగం లేపి స్టాండ్లు బాడీ ఛాసిస్ కింద పెట్టాలి, యాక్సిల్ కింద కాదు. జాకీని యాక్సిల్ కింద పెట్టి, కొద్దిగా పైకి కిందికి జరుపుతూ షాకిల్ మీద బరువు లేని చోటు చూసుకోవాలి. ఆ చోట షాకిల్ పలకలు చేత్తో ఆడతాయి. అప్పుడు నట్లు విప్పి, బయటి పలక తీసి, పిన్నులతో ఉన్న లోపలి పలకను టామీతో మెల్లగా జరపండి. పట్టీ కన్ను కిందికి వస్తుంది. పాత రబ్బర్లు రెండు పక్కల నుంచి రెండు ముక్కలుగా ఉంటాయి. గుంజి పారెయ్యండి.

పిన్ను మీద వేలితో తడుముతూ చూడండి. ఒక పక్క మెట్టులాగ అరిగి ఉంటే పిన్ను కూడా మార్చాలి. కన్ను లోపల తుప్పు గీకి, సబ్బు నీళ్లతో కొత్త రబ్బర్లు ఎక్కించి పలకలు కలపండి. ఒక పక్క పని పూర్తయినంకనే రెండో పక్క మొదలుపెట్టండి. రెండు పక్కలూ ఒకేసారి విప్పితే యాక్సిల్ జరిగి మళ్లీ కలవదు.

అదే సమయంలో పట్టీలను కూడా చూడండి. పగులు ఉందా? నడుమ యూ బోల్టులు వదులయినాయా? పట్టీ విరిగి ఉంటే ఇంట్లో వెల్డింగు చేయించొద్దు. వెల్డింగు వేడికి పట్టీ గుణం పోతుంది, అదే చోట పక్కనే మళ్లీ విరుగుతుంది. పట్టీ మార్చాలి.

ఓమ్నీ వెనక షాకబ్జరు స్ప్రింగుకు వేరుగా ఉంటుంది. కాబట్టి దాన్ని కూడా ఇంట్లో మార్చుకోవచ్చు. యాక్సిల్ కింద జాకీ ఉంచే పని చెయ్యాలి.

ఆఖరి బిగింపు ఎప్పుడు

ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే ఇది పెట్టుకోండి. రబ్బరు బుష్షు ఉన్న బోల్టును చక్రం గాలిలో వేలాడుతుండంగ గట్టిగా బిగించొద్దు. అప్పుడు చేతికి ఆనేటట్టు మాత్రమే బిగించి, బండి కిందికి దించి, నాలుగు చక్రాల మీద బరువు పడ్డంక ఆఖరి బిగింపు బిగించాలి.

ఎందుకంటే, బుష్షు లోపలి గొట్టం బోల్టుకు పట్టేసి ఉంటుంది, రబ్బరు మెలిక పడుతూ పని చేస్తుంది. వేలాడేటప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వేలాడే జాగానే తనది అనుకుంటుంది. బండి కిందికి దిగంగనే మెలిక పడుతుంది, నిలబడ్డప్పుడు కూడా మెలికలోనే ఉంటుంది. ఏండ్లు రావాల్సిన రబ్బరు నెలల్లో చినుగుతుంది. "కొత్త బుష్షు వేసిన నెలకే పోయింది, మాల్ ఖరాబు" అని దుకాణపోణ్ణి తిట్టేటోళ్లు చాలా మంది ఉన్నరు. చాలాసార్లు మాల్ మంచిదే, బిగింపే తప్పు.

బిగించినంక నాలుగు సార్లు గల్లీలో నడిపి, బ్రేకు వేసి వినండి. కొన్ని రోజుల తర్వాత మళ్లీ ఒకసారి అన్ని నట్లూ చూడండి. బిగువు కొలిచే పానా ఉన్న మెకానిక్కు దగ్గర ఒక్కసారి చూపించుకుంటే ఇంకా మంచిది. ఆర్మ్, స్టీరింగు ఎండు, స్ట్రట్ ముట్టుకున్నంక మాత్రం వీల్ అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి. అది చేయించకుంటే కొత్త టైర్లు ఎన్ని తెచ్చినా అంచులు తినేస్తుంది.

ఇంట్లో చెయ్యొద్దు, చెయ్యనియ్యొద్దు

ముందు స్ట్రట్ స్ప్రింగు ముట్టుకోవద్దు. అది లోపల నొక్కి పెట్టిన స్ప్రింగు. 800 బానెట్ లేపితే స్ట్రట్ పైభాగం కనపడుతుంది. నడుమ ఉన్న పెద్ద నట్టే ఆ స్ప్రింగును ఆపి పట్టింది. దాన్ని విప్పినోడి మొఖం మీదికి స్ప్రింగు వస్తుంది. తీగతో, తాడుతో కట్టి విప్పుతా అనేటోణ్ణి ఆపండి. స్ప్రింగు నొక్కే సాధనం ఉన్న దుకాణంలోనే ఆ పని జరగాలి.

ఊడిన బాల్ జాయింటుకు వెల్డింగు చుక్క పెట్టి బిగించడం, స్టీరింగు ఎండును సుత్తెతో కొట్టి టైటు చెయ్యడం చెయ్యొద్దు. కొంత మంది రోడ్డు పక్క చేస్తారు. పైసలు తక్కువయితయి, కాని ఆ బండిలో కూర్చునేది మన పిల్లలు.

అరిగిన సామాను పెట్టి బండి ఫిట్‌నెస్‌కు పోవడం కూడా కష్టమే. 15 ఏండ్లు నిండిన సొంత కారుకు ఆర్‌టీఓలో బండి చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అది 5 ఏండ్లకు ఇస్తారు. ఆ ముందు నెల ఈ పని చేసి పెట్టుకుంటే పరుగులు తప్పుతాయి.

సామాను కొనేటప్పుడు

పాత బుష్షును చేతిలో పట్టుకొని దుకాణానికి పోండి. ఒక్క పేరు మీదనే ఏండ్లను బట్టి రెండు మూడు కొలతలు ఉంటాయి. బండి ఏ సాలుదో చెప్పండి. కంపెనీ ప్యాకెట్ కొన్నా, బయటి కంపెనీది కొన్నా, రబ్బరును వంచి చూడండి. వంచితే సన్న పగుళ్లు కనపడితే అది దుకాణంలోనే ముసలిదయింది. వదిలెయ్యండి.

ఎవరైనా "మొత్తం సస్పెన్షన్ సెట్టు మార్చాలి" అంటే కోపం తెచ్చుకోవద్దు. "ఏది అరిగిందో చక్రం లేపి చూపియ్యి" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్కు సంతోషంగా చూపిస్తాడు. పైన చెప్పిన 12, 6 పరీక్ష మీకు వస్తే మీ కండ్లతో మీరే చూసుకుంటారు.

నెలలో ఒక ఆదివారం పది నిమిషాలు చాలు. టైరు తడమండి, మూలలు నొక్కండి, వంగి రబ్బర్లు చూడండి. ఏ తేదీన ఏది మార్చారో బండిలో ఒక చిన్న కాపీలో రాసి పెట్టండి. ఇంట్లో ఆడపిల్లలకు కూడా నేర్పండి. మా గల్లీలో స్టాండ్లు, పానాల డబ్బా అందరివీ కలిపి ఒక్క చోటే ఉంటాయి. మీ గల్లీలో కూడా నాలుగు ఇండ్లోళ్లు కలిసి అట్లా ఒకటి పెట్టుకోండి. బండి మెత్తగా పోవాలని కాదు, పోయినోళ్లందరూ తిరిగి ఇంటికి రావాలని.